చెప్పులు చూసిన వైపు

తెల్లారేసరికి అస్నకెచ్ తన రాతి పీట మీద కూర్చుని ఉండాల్సిందే. కొండను పైనుంచి కిందికి తొలిచి చేసిన ఆ చర్చిలోకి చెప్పులతో అడుగుపెట్టే మనిషి లాలిబెలా ఊళ్లో ఇంకా పుట్టలేదు. విడిచిన చెప్పులన్నీ ఆమె ముందుకొచ్చి చేరతాయి. రైతుల టైరు చెప్పులు, ఆడవాళ్ల ప్లాస్టిక్ చెప్పులు, దూరదేశాలనుంచి వచ్చినవాళ్ల తాళ్ల బూట్లు, ఆమె దగ్గర అన్నిటికీ ఒకటే మర్యాద. గేటు వైపు ముక్కులు పెట్టి వరసగా సర్దేస్తుంది. బయటికొచ్చినవాళ్లు కాళ్లు దూర్చి, అలాగే నడిచిపోవచ్చు.

అయితే సర్దినవి సర్దినట్టు ఉండవు. ఆ వాకిట్లో విడిచిన చెప్పులు, పొద్దుతిరుగుడు పువ్వు తిరిగినంత నెమ్మదిగా, తమ మనిషి మనసు ఎటుంటే అటు తిరుగుతాయి. ఉపవాసాల రోజుల్లో ఓ చిన్న పూజారి చెప్పులు మాంసం కొట్టు వైపు తిరిగి కూర్చుంటాయి. అప్పుడే పెళ్లయిన కుర్రాడివి సరాసరి ఇంటి వైపే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టే, చెప్పులు చూసే మనిషి నోరు గట్టిదై ఉండాలని పెద్దలు ఏరికోరి ఆమెను కూర్చోబెట్టారు. ప్రార్థన ముగింపు గంట మోగేలోపు ఆమె అన్నిటినీ మళ్లీ గేటు వైపు తిప్పేస్తుంది. ఎవరి గుట్టు వాళ్లకే ఉండిపోతుంది.

ఒక్క జత మాత్రం ఆమె అన్నిటికంటే చివర తిప్పుతుంది. తన శాలువా అంచుతో దుమ్ము తుడిచి మరీ తిప్పుతుంది. అవి బెలాచెవ్‌వి. మగ్గం మీద తెల్ల శాలువాలు నేసే మనిషి, భార్య పోయి చాలా ఏళ్లయింది. రోజూ వస్తాడు, చెప్పులు విడుస్తాడు, "భద్రం అస్నకెచ్ గారూ" అంటాడు. "నేనుండగా వాటికేం భయం?" అంటుందామె. ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్యా నడిచిన మాటలు దాదాపు ఇవే.

అతని చెప్పులు రోజూ ఆమె కూర్చున్న వైపే తిరుగుతాయి. ఆమె వెనకే గట్టు మీద సమాధులున్నాయి. అందులో బెలాచెవ్ భార్య జెనెబెచ్ సమాధి సరిగ్గా ఆమె వీపు వెనకే ఉంటుంది. 'పాపం, ఇంకా ఆవిడనే తలుచుకుంటున్నాడు' అనుకుని, ఆ చెప్పుల దారికి అడ్డంగా కూర్చున్నందుకు కూడా అస్నకెచ్ సిగ్గుపడేది. చిన్న వయసులోనే మొగుడు పోయినదానికి ఇంకొకరి మొగుడి మీద ఈ పాడు మమకారం ఏమిటని తనను తాను తిట్టుకునేది. తిట్టుకుంటూనే దుమ్ము తుడిచేది.

అందుకే తమ్ముడు సిసాయ్ దెస్సీ పట్నంలో ఇల్లు కట్టి, వెనక ఒక గది ఆమెకోసం వేయించి, "నీకిక్కడ ఎవరున్నారక్కా? వచ్చెయ్యి" అని పిలిస్తే, ఆమె కాదనలేకపోయింది. నిజమే, ఎవరున్నారు?

ఆ ఆదివారం పొద్దున్నే సిసాయ్ వ్యాన్ గేటు బయట ఆగింది. లోపల ఆమె మూట, కాఫీ కుండ, ఒక కోడి.

"వెళ్లేముందు ఒక్కసారి లోపలికెళ్లి ప్రార్థన చేసుకొస్తానురా," అంది అస్నకెచ్.

"ఎన్నేళ్లుగా ఈ వాకిట్లోనే ఉన్నావుగా, ఇంకా చాల్లేదా?"

"వాకిట్లో ఉన్నానురా. ప్రార్థన వేళ లోపల ఎప్పుడున్నాను?"

కొవ్వొత్తులమ్మే వుబిత్ వచ్చి రాతి పీట మీద చతికిలపడింది. "వెళ్లవే, నేను చూస్తాలే. నీ చెప్పులు కూడా ఇక్కడే విడువు. అవీ ఒకరోజు వరసలో కూర్చుంటాయి."

"గంట మోగేలోపు అన్నీ గేటు వైపు తిప్పాలి. మర్చిపోకు."

"నాకు చెప్తావేంటి, రోజూ చూడట్లేదూ!"

అస్నకెచ్ ప్రార్థన వేళ ఆ వాకిట్లో మొదటిసారి చెప్పులు విడిచి, ఆడవాళ్ల గుమ్మం వైపు నడిచింది. మగవాళ్ల గుమ్మం అవతలి మూల ఉంది. బెలాచెవ్ అప్పటికే అటునుంచి లోపలికెళ్లాడు. ఆమె వెళ్లిపోతున్న సంగతి అతనికెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

లోపల చల్లగా, ధూపం వాసనతో చీకటిగా ఉంది. ఆమె రాతి స్తంభానికి చెంప ఆనించి ఏడ్చింది. దెస్సీలో నాకు ఈ వాకిలి మీద బెంగ లేకుండా చెయ్యి తల్లీ, అని మొదలుపెట్టి, ఆయన్ని చల్లగా చూడు తల్లీ, అని ముగించింది.

గంట మోగింది. జనం కంటే ముందే ఆమె గడప ముద్దుపెట్టుకుని బయటికొచ్చింది, వుబిత్ మర్చిపోయే ఉంటుందన్న భయంతో. అనుకున్నట్టే అయింది. చెప్పులు తలోదిక్కూ చూస్తున్నాయి. వుబిత్ మాత్రం నోటికి చెయ్యడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఏంటే ఇది? ఒక్క పని చెప్తే..."

"నోరు మూసుకుని ముందు వీటిని చూడు," అంది వుబిత్.

బెలాచెవ్ చెప్పులు సమాధుల వైపు లేవు. రాతి పీట వైపూ లేవు. వాకిలంతా దాటి, ఆడవాళ్ల గుమ్మం వైపు, ఆమె ఇప్పుడే వచ్చిన దారి వైపు చూస్తున్నాయి.

అస్నకెచ్ గేటు వైపు నాలుగడుగులు వేసి నిలబడింది. ఎప్పుడూ లేనిది, చూస్తూండగానే ఆ పాత టైరు చెప్పులు మెల్లగా, ఇసుక గీరుకుంటూ, ఆమె వైపు తిరిగాయి.

"రోజూ నన్నే..." అంది ఆమె.

"రోజూ నిన్నే! అడ్డంగా కూర్చుని సమాధి అనుకున్నావు, పిచ్చిమొహమా. ఆవిణ్ణి ఎప్పుడు దాటి నీ దగ్గర ఆగాయో వాటికే తెలియాలి. సరే, నీవెటు చూస్తున్నాయో చూసుకున్నావా?"

ఆమె ప్లాస్టిక్ చెప్పులు ఇటు తమ్ముడి వ్యాన్ వైపు గానీ, దెస్సీ దారి వైపు గానీ లేవు. మగవాళ్ల గుమ్మం వైపు చూస్తున్నాయి. ఆ గుమ్మంలోంచి బెలాచెవ్ తలవంచుకుని అప్పుడే బయటికొస్తున్నాడు.

అలవాటుకొద్దీ ఆమె గబగబా వచ్చి అతని చెప్పులు సర్దబోయింది. చెయ్యి సగంలో ఆగింది. ఎవరి గుట్టునైనా ఇన్నేళ్లూ దాచింది గానీ, ఇది దాచడానికి ఆమెకు మనసు రాలేదు.

బెలాచెవ్ వచ్చి నిలబడ్డాడు. తన చెప్పులు చూశాడు, ఆమెవి చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. గేటు బయట వ్యాన్ హారన్ మోగింది.

"అక్కా! ఎండెక్కుతోంది, ఎక్కు!"

"ఎక్కడికి?" అన్నాడు బెలాచెవ్, కంగారుగా.

"దెస్సీకి. అక్కడే ఉండిపోవడానికి."

అతను తన చెప్పుల వైపు చెయ్యి చూపాడు. "చెప్పులు భద్రంగా ఉంటాయనే రోజూ వస్తున్నాను," అన్నాడు. "మీరు లేకపోతే ఎవరికిచ్చి వెళ్లను?"

"ఓరి దేవుడా, ఇంకా చెప్పుల గురించే!" అని వుబిత్ తల కొట్టుకుంది. "మనిషిని అడగవయ్యా!"

అతను గొంతు సవరించుకున్నాడు. "వెళ్లకండి," అన్నాడు.

అస్నకెచ్ కళ్లు తుడుచుకుంది. "మూట వ్యాన్‌లో ఉంది. కోడి కూడా."

బెలాచెవ్ ఇంకో మాట కోసం ఆగలేదు. కంకర రాళ్ల మీద ఒట్టి కాళ్లతో, గెంతుకుంటూ, వ్యాన్ వైపు పరిగెత్తాడు. అతని చెప్పులు మాత్రం వాకిట్లోనే ఉండిపోయాయి. అస్నకెచ్ వెళ్లి తన రాతి పీట మీద కూర్చుంది, అవి మెల్లగా ఆమె వైపు తిరిగాయి. ఆమె వాటిని గేటు వైపు తిప్పలేదు.