మూడున్నర అడుగుల గంజు

సుబేదారిలో పాత ఫంక్షన్ హాలు కూల్చి కన్వెన్షన్ సెంటర్ కడుతున్నారు. దాని ప్లాను గీసే పాపం నాది. పద్నాలుగోసారి మార్చిన డ్రాయింగు పట్టుకుని హాలు కమిటీ ముందు కూర్చునేసరికే నాకు ఒళ్లు మండిపోతోంది.

వంటగది ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. సరే. మా స్థలానికి ఆగ్నేయమంటే మెయిన్ రోడ్డు వైపు. పొయ్యిలు రోడ్డుకు కనపడితే పరువు పోతుందని కూడా వాళ్లే అన్నారు. ఇక వంటగదిని సెల్లారులోకి తోయక ఏం చేస్తాను? భోజనాలేమో మొదటి అంతస్తులో.

పాత హాల్లోనూ వంటగిన్నెలు మెట్ల మీదే మోసేవాళ్లు. తొర్రూరు నుంచి వచ్చే వంట మేస్త్రి మొగిలమ్మకు ఆ మెట్ల మీదే పప్పుచారు ఒలికి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఈసారి మెట్లుండవని ఆమెకు మాటిచ్చి ర్యాంపు గీశాను. ఎవరూ అడగకపోయినా సెల్లారులో వంటవాళ్లకో బాత్రూం కూడా పెట్టాను. ఇన్నేళ్లూ పాపం పక్కింటావిడను బతిమాలుకునేవాళ్లు.

"ర్యాంపు తీసెయ్యున్రి మేడం. పోర్టికోల కార్లు తిరుగుడు కష్టమైతాంది. లిఫ్టున్నది గద?" అన్నాడు అధ్యక్షుడు లక్ష్మీనారాయణ. బట్టల షాపు ఆయనది.

"లిఫ్టు తలుపు మూడడుగులు సార్. బగార అన్నం వండే గంజు అడ్డం మూడున్నర."

"చిన్న గంజులల్ల వండుమనున్రి."

ఇలాంటిదేదో అంటాడని తెలిసే మొగిలమ్మను ముందే గంజుతో రమ్మన్నాను. సగానికి నీళ్లు పోయించి, కమిటీ ఆఫీసు మెట్ల కింద పెట్టించి, "పైకి తీసుకుపోండి సార్" అన్నాను. రోషానికి అధ్యక్షుడితో కలిపి నలుగురు పట్టారు. అయిదో మెట్టు మీద అధ్యక్షుడి తెల్లబట్టలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి.

"సరే తియ్, లిఫ్టే పెద్దగ చెయ్యున్రి," అన్నాడు రొప్పుతూ.

"దాని పక్కనే వంటోళ్ల బాత్రూం ఉంది. సెల్లారులో ఒక్క కారు పార్కింగు వదిలేస్తే రెండూ పడతాయి."

"పార్కింగు ముట్టకున్రి, ఇప్పటికే తక్కువున్నది. బాత్రూం తీసెయ్యున్రి. ఫికరేంది?"

ఒక్క కారు! ఆ డ్రాయింగు అక్కడే చింపి పారేద్దామనిపించింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మొగిలమ్మ అంది, "అట్లనే కానియ్యున్రి సారూ. గంజు పైకి పోతే సాలు."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ బాత్రూం మీద అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాను.

బయట మొగిలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మాట నిలవెట్టుకున్నవ్ బిడ్డా. మాదేమున్నది, ఎప్పటి తీరుగనే పక్కింటామెను అడుగుతం. ఆమె ఇంక ఆడనే ఉంటాంది గద?"

"ఆడనే ఉన్నదక్కా," అన్నాను. పార్కింగు కోసం ఆ ఇంటిని పోయిన నెలే కమిటీ కొనేసిందని చెప్పడానికి నోరు రాలేదు.