చెయ్యి మారింది

బ్లేడును కాగితంతో సహా మధ్యకి విరిచి, ఒక సగాన్ని కత్తి పిడిలోకి తోయబోతే అది పక్కకి జారి అద్దం ముందున్న బల్లమీద పడింది. పెద్దాయన చుట్టూ చూశాడు. ఎవరూ గమనించలేదు. రెండో కుర్చీ దగ్గర తమ్ముడు ఎవరి మెడమీదో వంగి దువ్వెన ఆడిస్తున్నాడు. పెద్దాయన మోచేతులు రెండూ బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి మళ్లీ తోశాడు. ఈసారి కూర్చుంది. కత్తి పక్కన పెట్టి, అవసరం లేకపోయినా తువ్వాళ్లన్నీ విప్పి మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

పొద్దుటినుంచీ అంతే. కాలు ఒకచోట నిలవడం లేదు. గడపదాకా వెళ్తాడు, వీధిలోకి చూస్తాడు, వెనక్కొచ్చి నీళ్ల సీసా జరుపుతాడు, జరిపినదాన్ని మళ్లీ యథాస్థానంలో పెడతాడు. పొద్దున్న చొక్కా చేతుల బొత్తాలు భార్యే పెట్టింది. ఈమధ్య రోజూ ఆవిడే పెడుతోంది. "తమ్ముడికి చెప్పెయ్యకూడదూ?" అంది బొత్తాం మీదనుంచి కళ్లెత్తకుండా. "చెప్పడానికేముంది," అని బయల్దేరాడు. దారి పొడుగునా ఆ మాటే చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

అయితే ఆ రోజు షాపులో ఎవరికీ కుదురు లేదు కాబట్టి ఆయన కంగారు విడిగా కనబడలేదు. టీవీలో స్నూకర్ ఫైనల్, కర్రతో బంతుల్ని బల్ల గుంటల్లోకి కొట్టే ఆట, ఆఖరి ఫ్రేముకి వచ్చింది. ఇద్దరూ సరిసమానం. ఈ ఒక్క ఫ్రేముతో కప్పు ఎవరిదో తేలిపోతుంది. టీవీ వెనక గోడకి, పైన, ఫ్యాను గాలికి ఊగుతున్నట్టుండే ఇనుప చట్రంలో ఉంది. కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఆట అద్దంలో తిరగబడి కనిపిస్తుంది. బెంచీమీద పక్కషాపు దర్జీ, సరుకుల వ్యాను డ్రైవరు. మందులషాపు ఆవిడ లోపలికి రాకుండా గడపమీద నిలబడి చూస్తోంది. అందరిలోకీ ఆట బాగా ఎరిగింది ఆవిడే. ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను తన కౌంటరు మీద.

"ఇందులో ఒత్తిడేంటో నాకర్థం కాదు," అన్నాడు దర్జీ. "బంతి కదలదు. బల్ల కదలదు. ఎవడూ మీదకి రాడు."

"అందుకేనండీ భయం," అంది ఆవిడ. "మీదకొచ్చేదాని గురించి ఆలోచించే టైముండదు. ఇక్కడ ఉన్న టైమంతా ఆలోచించడానికే."

"కొట్టేటప్పుడు ఏమీ ఉండదమ్మా," అన్నాడు డ్రైవరు. "కుర్చీలో కూర్చున్నప్పుడే. అవతలివాడు బల్ల ఊడ్చేస్తుంటే మనం మంచినీళ్లు తాగుతూ చూస్తుండాలి. లారీ వెనక ఇరుక్కుపోయినట్టు. హారన్ కొట్టడానికి కూడా లేదు."

ఆడుతున్నవాళ్లలో ఒకడు పాతికేళ్లవాడు. వీళ్లు వాణ్ణి కుర్రాడనేవారు. రెండోవాడు ఎప్పటినుంచో ఆడుతున్నవాడు, యాభైకి దగ్గరపడ్డాడు, వీళ్లకి తాత. కొన్నేళ్లుగా తాత ఏదీ గెలవలేదు. ఇప్పుడు సులువుగా పడేలా కనిపించిన ఎర్రబంతిని గుంటలో వెయ్యకుండా ఊరికే తాకించి, తెల్లబంతిని నెమ్మదిగా అటువైపు తీసుకెళ్లి, కుర్రాడికి దారి లేకుండా పసుపు బంతి వెనక దాచాడు.

"పిరికి ఆట," అన్నాడు దర్జీ.

"పిరికితనం కాదండీ," అన్నాడు తమ్ముడు, కత్తెర ఆపకుండానే. "తనకి కష్టమైన దెబ్బని అవతలివాడి చేత కొట్టించడం."

"ఏదో ఒకటి. కర్ర కొన ఎలా ఆడుతోందో టీవీలో దగ్గరగా చూపించారు, చూశావా? చెయ్యి వణుకుతోంది. వణికాక ఇంకెందుకూ? గౌరవంగా ఉండగానే తప్పుకోవాలి."

పెద్దాయన మడతపెట్టిన తువ్వాలు మళ్లీ విప్పాడు.

"మీరు ఎన్నేళ్లనుంచి వంకర కుట్టు కుడుతున్నారు?" అన్నాడు తమ్ముడు. "మానేశారా?"

బెంచీ అంతా నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు. కానీ తమ్ముడి గొంతులో నవ్వు లేదని పెద్దాయనకి తెలిసింది.

"చెయ్యి వణక్కుండా మాత్రలుంటాయట కదమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఉంటాయి. ఈ ఆటలో వాళ్లు వేసుకోకూడదు," అంది మందులషాపు ఆవిడ. పెద్దాయన వైపు చూడలేదు. ఆయన మూడు నెలలుగా ఆ మాత్రలే ఆవిడ దగ్గర కొంటున్నాడు. వాటివల్ల నిద్ర పడుతోంది గానీ చెయ్యి మాట వినడం లేదు.

ఈ మూడు నెలలూ ఆయన ఎవరి గడ్డమూ గియ్యలేదు. అలా అని ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. గడ్డానికి ఎవరొచ్చినా తమ్ముడు, "ఇటు రండి, ఇక్కడ ఖాళీ," అనేవాడు. ఖాళీ లేకపోతే, "ఒక్క నిమిషం, అయిపోయింది," అనేవాడు. పెద్దాయన కటింగులు చేసేవాడు. దువ్వెన ఆసరా ఉంటుంది కాబట్టి కత్తెర అంత మొండికెయ్యదు. తండ్రి పోయినప్పుడు తమ్ముడికి అద్దం అందేది కాదు. బెలూన్ ఊది, నురగ పూసి, దాన్ని పగలకుండా గియ్యడం నేర్పింది పెద్దాయనే. "చెయ్యి బరువు కత్తికి తెలియకూడదురా," అని మణికట్టు పట్టుకునేవాడు. ఎన్ని బెలూన్లు పగిలాయో. పగిలినప్పుడల్లా వాడు కళ్లు మూసుకుని ఏడుపు మొహం పెట్టేవాడు, ఈయన నవ్వు ఆపుకుని ఇంకోటి ఊదేవాడు. ఆ వీధిలో సగం మగవాళ్ల మొహాలు ఆయనకి కళ్లకన్నా వేళ్లకి ఎక్కువ తెలుసు. ఎవరికి దవడ కింద మచ్చ, ఎవరికి వెంట్రుక అడ్డంగా మొలుస్తుంది, అన్నీ.

తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది. పోస్టుమాస్టరు. ముసలాయన రిటైరై చాలా కాలమైనా ఆ పేరు పోలేదు. నాలుగు నెలలు కూతురి దగ్గరుండి నిన్ననే తిరిగొచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి, తెల్ల గడ్డం మాసి ఉంది.

"ఇటు రండి మాస్టారూ," అన్నాడు తమ్ముడు వెంటనే. "ఇక్కడ గాలి బాగా వస్తుంది."

"నీ గాలి నాకెందుకయ్యా? నాలుగు నెలలు ఎవడెవడి చేతో గీయించుకుని మొహమంతా దద్దుర్లు. నాకు పెద్దాయన చెయ్యే కావాలి," అని వచ్చి మొదటి కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చాడు. "తాత ఎలా ఆడుతున్నాడు? ఎడంచేతివాళ్లని నమ్మలేం."

"ఆయనది కుడిచెయ్యేనండీ," అన్నాడు డ్రైవరు. "మీరు ఎప్పుడూ అద్దంలోనే చూస్తారు."

"ఏం, అద్దం అబద్ధం చెబుతుందా?" అని కళ్లు మూసుకున్నాడు.

పెద్దాయన ముసలాయన మెడచుట్టూ గుడ్డ కట్టాడు. ముడి వెయ్యడానికి ఆలస్యమైంది. బ్రష్షుతో నురగ పూశాడు. బ్రష్షు తిరుగుతున్నంతసేపు వణుకు కనబడదు. కత్తి తీశాడు. మణికట్టుని ముసలాయన చెంపకే ఆనించి, చెవి దగ్గరనుంచి కిందికి ఒక్క గీత గీశాడు. శుభ్రంగా వచ్చింది. ఇంకోటి. రెండో చెంప కూడా అయింది. తన చెయ్యి తనకి తిరిగొచ్చిందేమో అనిపించింది ఒక్క క్షణం.

టీవీలో ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు తెల్లబంతిని దాస్తున్నారు. ఎవరూ గుంటలోకి కొట్టడం లేదు. ఎవరు ముందు తప్పు చేస్తారా అని చూస్తున్నారు. షాపులో ఫ్యాను చప్పుడొక్కటే.

పెద్దాయన గడ్డం కింద చర్మం పైకి లాగి గొంతు మీదికి వచ్చాడు. అక్కడ మణికట్టు ఆనించడానికి చోటు లేదు. ముసలాయన గొంతుముడి మింగినప్పుడల్లా పైకీ కిందికీ ఆడుతోంది. కత్తి దగ్గరికి తెచ్చాడు. కొన మెరుస్తూ ఊగింది. వెనక్కి తీసి నీళ్లలో ముంచాడు. తుడిచాడు. మళ్లీ తెచ్చాడు. మళ్లీ ఊగింది. ఇంకోసారి నీళ్లలో ముంచాడు.

అద్దంలో తమ్ముడు కనిపించాడు. వాడి కత్తెర గాలిలో ఆగిపోయి ఉంది. వాడు టీవీ చూడటం లేదు.

కాసేపు ఆగితే తగ్గుతుందని పెద్దాయన ఆగాడు. తగ్గలేదు. నురగ ఆరిపోతోంది. ముసలాయన మెడమీద నీలం నరం నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఏ అనుమానమూ లేకుండా.

"ఒరేయ్," అన్నాడు, మెల్లగానే. "ఇటు రా."

తమ్ముడు చేతులు తుడుచుకుని వచ్చాడు. పెద్దాయన పిడి వాడివైపు తిప్పి అందించి, రెండడుగులు వెనక్కి వేసి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు రెండు వేళ్లతో చర్మం బిగించి, చిన్న చిన్న గీతలుగా గియ్యడం మొదలుపెట్టాడు. బెంచీమీద ఎవరూ తల తిప్పలేదు. గడపమీద మందులషాపు ఆవిడ మాత్రం తిప్పి, వెంటనే టీవీ వైపు తిరిగింది.

"చెయ్యి మారింది," అన్నాడు పోస్టుమాస్టరు, కళ్లు తెరవకుండా.

తమ్ముడు ఆగాడు. "అవునండీ."

ముసలాయన గడ్డం ఇంకొంచెం పైకెత్తాడు. "ఊఁ. కానియ్," అన్నాడు.

అప్పుడే బెంచీ లేచి నిలబడింది. కుర్రాడు విసిగిపోయి దూరపు బంతికి తెగించాడు, తప్పాడు. తాత లేచాడు. కొన వణుకుతూనే ఉంది. అయినా ఒక్కో బంతీ వేసుకుంటూ పోయాడు, మధ్యలో ఒకసారి కర్ర దించేసి మళ్లీ పెట్టుకుని. చివరికి కుర్రాడే ఓటమి ఒప్పుకుని వచ్చి చెయ్యి కలిపాడు.

"నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నా," అన్నాడు దర్జీ.

"చూశావా పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు. "చెయ్యి వణికితే ఏం? ఇంకో ఐదేళ్లు ఆడతాడు."

"ఆడనియ్," అన్నాడు పెద్దాయన. "ఆయన తప్పితే బంతి పోతుంది." తువ్వాలుతో ముసలాయన గొంతు మీది నురగ తుడిచాడు.

ముసలాయన లేచి చెంపలు తడుముకున్నాడు. వెళ్తూ వెళ్తూ పెద్దాయన ముందు ఆగి, ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కొంచెంసేపు అలాగే పట్టుకున్నాడు. ఆ చేతుల్లోనూ వణుకుంది. "కుర్చీ ఎవరిదైనా కబుర్లు నీవే ఉండాలి నాకు," అని వెళ్లిపోయాడు. ఒక్కొక్కళ్లే అందరూ వెళ్లారు. బయట ఇంకా ఎండ పూర్తిగా దిగలేదు.

"రేపట్నించి రెండు కుర్చీలూ నువ్వే చూసుకో," అన్నాడు పెద్దాయన.

"కటింగులు చేసుకోవచ్చు కదన్నయ్యా. కత్తెరేం చేస్తుంది?"

"చెవి కోస్తుంది."

తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు.

"ఎప్పట్నించి తెలుసురా నీకు?"

"టీ గ్లాసు సగమే పొయ్యమన్నప్పట్నించి."

"అడగలేదేం?"

"నువ్వే చెప్తావని కూర్చున్నా."

పెద్దాయన తల ఊపాడు. కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో, గోళ్ల సందులు కూడా, ఇంక పని లేనివాడు కడుక్కున్నంత నింపాదిగా. తమ్ముడు తువ్వాలు అందించాడు. "వదినకి చెప్పు, రాత్రి వస్తాను," అన్నాడు. "రా," అని పెద్దాయన గడప దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా తమ్ముడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన వెనక్కి చూడలేదు. పొద్దుటినుంచీ లేని నిదానం ఆ నడకలో ఉంది.

తమ్ముడు లోపలికి వచ్చి టీవీ కట్టేసి, చీపురు తీసి నేలమీద వెంట్రుకలు ఊడ్చుకుంటూ మొదటి కుర్చీ వెనక్కి వచ్చాడు. అక్కడ గోడవారగా, అన్నయ్య షాపులో మాత్రమే వేసుకునే రబ్బరు చెప్పులు ఉన్నాయి. నిలబడి నిలబడి కుడిదాని మడమ దగ్గర నేల కనిపించేంతగా అరిగిపోయింది, పట్టీల సందుల్లో నల్లవీ తెల్లవీ ఎవరెవరివో సన్నటి వెంట్రుకలు.