మంచెకు సెలవు

జింకల వేటకు ఓపిక కావాలి, గురి కావాలి, అదృష్టం కావాలి అని ఎవరైనా కబుర్లు చెబితే నమ్మకండి. అసలు కిటుకంతా చెట్టు మీది మంచెకు సెలవులివ్వడంలో ఉంది. ఒకరోజు ఎక్కిన మంచెను మర్నాడు మళ్లీ ఎక్కకూడదు. మనం దిగి వచ్చేసినా మన వాసన దిగి రాదు. నిచ్చెన మెట్లకూ, దారిలో గడ్డికీ పట్టుకుని అక్కడే ఉంటుంది. జింక దాన్ని ఒక్కసారి పీల్చిందంటే ఆ చెట్టు పేరు తన చుట్టపక్కాలందరికీ చెప్పి మరీ దారి మార్చేస్తుంది.

ఇది మా అన్న ఎల్డన్ నలభై ఒక్క ఏళ్ల పాటు మా చెవుల్లో నూరిపోసిన పాఠం. మా వేట క్యాబిన్ తలుపు పక్కన ఒక చెక్క, దానికి ఐదు మేకులు, మేకుకొక రేకు బిళ్ల. మంచెకొక బిళ్ల అన్నమాట. కూర్చుని వచ్చినవాడు తన మంచె బిళ్లను గోడవైపు తిప్పాలి. మొక్కజొన్న చేను గట్టున ఉన్న మంచెకు రెండు రోజులు సెలవు. అడవి లోపలి వాటికి నాలుగు రోజులు. చిత్తడి అంచున ఉన్న ఎల్డన్ సొంత మంచెకు మాత్రం వారం. జింకలు పగటిపూట పడుకునే పొదలు దాని పక్కనే ఉన్నాయి. "వాటి పడగ్గదిలోకి రోజూ తొంగిచూస్తే ఊరుకుంటాయిట్రా?" అనేవాడు.

ఎల్డన్ పెట్టిన రూలు ఇంకొకటి ఉంది. జింక మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి, పొయ్యి వెనక గోడకు మేకు కొట్టాలి. మా ఊళ్లల్లో ఈ ఆచారం ఎప్పటిదో, కానీ మా క్యాబిన్‌కు తెచ్చింది వాడే. ఆ గోడ మీద నావి పంతొమ్మిది ముక్కలున్నాయి. మా బావమరిది మెర్లిన్‌వి పదకొండు. ఎల్డన్‌ది ఒక్కటీ లేదు. ఆ ఖాళీ చోటుకేసి చూపించి ఏటా మమ్మల్ని ఏడిపించేవాడు.

మొన్న ఫిబ్రవరిలో ఎల్డన్ పోయాడు. గలగలా కబుర్లు చెబుతూనే, కాఫీ కప్పు చేతిలో ఉండగానే పోయాడు.

వేసవిలో మా వదిన ఆర్డిస్ ఫోన్ చేసింది.

"గోర్డీ, ఈసారి క్యాబిన్‌కి నేనూ వస్తున్నా. మీ అన్న మంచె మీద ఒక్క పూటైనా కూర్చోవాలి."

"నువ్వా? నీకు తుపాకీ పట్టుకోవడం వచ్చా వదినా?"

"పెరట్లో గుమ్మడికాయలు పెట్టుకుని నేర్చుకుంటున్నా. ఇప్పటికి ఆరు చచ్చాయి. మూడేళ్లు వంకరకొమ్ము, వంకరకొమ్ము అని నా ప్రాణం తీశాడు కదా మీ అన్న. ఆ మహానుభావుణ్ని నేనొకసారి కళ్లారా చూడాలి. కుదిరితే ఇంటికి తెచ్చుకోవాలి."

వంకరకొమ్ము అంటే ఎడమ కొమ్ము కిందికి వంగిన పెద్ద పోతుజింక. ఎల్డన్ దాన్ని మూడు సీజన్లు వెంటాడాడు, దొరకలేదు. ముసలిదైపోయింది, వచ్చే చలికాలం దాటుతుందో లేదో తెలియదు. తుపాకుల సీజన్ తొమ్మిదే రోజులు. అంటే వదినకున్నది ఈ ఒక్క అవకాశమే.

"మంచె సంగతి నాకొదిలెయ్ వదినా. ఈగని కూడా వాలనివ్వను," అని మాటిచ్చాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా. అక్టోబరులో వెళ్లి చెట్టుకు ఒక కెమెరా కట్టి వచ్చాను, అటుగా ఏది నడిచినా దానంతటదే ఫోటో తీసే రకం. తర్వాత ఎవరినీ ఆ దిక్కు పోనివ్వలేదు. సీజన్ మొదలైన శనివారం మెర్లిన్ చిన్నగా నసిగాడు.

"బావా, అక్క బుధవారం కదా కూర్చునేది. ఈలోగా నేనొక్క పూట..."

"కాలు విరగ్గొడతాను."

"అబ్బో! మంచెకి నిన్ను కాపలా పెట్టారన్నమాట. జీతమెంతేమిటి?"

"నోరుమూసుకుని నీ చేను గట్టుకి పో."

బుధవారం తెల్లారకముందే ఆర్డిస్ బయల్దేరింది. ఎల్డన్ తుపాకీ, ఎల్డన్ టోపీ, వేటగాళ్లందరూ వేసుకునే నారింజ రంగు కోటు లోపల ఎల్డన్ ఎర్రగళ్ల ఉన్ని చొక్కా. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది, మన వాసనను పొదలకు దూరంగా తీసుకుపోయే గాలి, అచ్చంగా ఆ మంచెకు కావలసింది. నేనూ మెర్లిన్ పెందలాడే తిరిగొచ్చి, తుపాకీ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. తొమ్మిదయింది, పదకొండయింది. మధ్యాహ్నం ఆవిడే నడిచి వచ్చింది.

"ఏమైంది వదినా?"

"ఏమీ అవలేదు. ఉడత కూడా రాలేదు. ఏడు గంటలు ఆ చెట్టూ నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. అంతే."

"అదెలా? ఫిబ్రవరి నుంచి దాన్ని ఎవరూ ఎక్కలేదే!"

"అదే నాకూ అర్థం కాలేదు. అందుకే కెమెరాలో చిప్పు తీసుకొచ్చా. మెర్లిన్, నీ కంప్యూటర్ ఇలా పట్రా."

నేను గబగబా సూపు గిన్నె ముందుకు తోశాను. "దాందేముంది వదినా, ముందు సూపు తాగు, వేడిగా ఉంది," అన్నాను. ఎవరు వింటారు?

మొదటి ఫోటోలు అక్టోబరువి. ఆడజింక, దాని పిల్ల. తర్వాత పట్టపగలు, వంకరకొమ్ము! కొమ్మ వంగినట్టున్న ఆ ఎడమ కొమ్ము, బలిసిన మెడ. ఆర్డిస్ తెర మీద వేలు పెట్టి, "ఓహో, నువ్వేనా?" అంది నెమ్మదిగా. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు, మళ్లీ పగలే.

ఆ తర్వాత నవంబరు ఒకటి, మధ్యాహ్నం పన్నెండూ నలభై. నారింజ రంగు టోపీ, చేతిలో ఫ్లాస్కు.

"ఇదెవరు బావా? బాగా బలిసిన జింకలా ఉంది," అన్నాడు మెర్లిన్.

నవంబరు రెండు, పన్నెండూ ముప్పై ఐదు. అదే టోపీ. నవంబరు మూడు, నాలుగు, ఐదు. నిచ్చెన మీద ఎండుటాకులు ఊడుస్తూ టోపీ. సీటు తుడుస్తూ టోపీ. సీజన్ మొదలయ్యాక కూడా శని, ఆది, సోమ, మంగళ, ఒక్కరోజు నాగా లేదు. మధ్యలో ఒకే ఒక్కసారి, రాత్రి రెండింటికి, వంకరకొమ్ము నిచ్చెన మెట్టు వాసన చూస్తూ కనిపించాడు. ఆ తర్వాత మరి రాలేదు.

"ఇరవై ఒక్క రోజులు," అని లెక్క తేల్చాడు మెర్లిన్, పొట్ట పట్టుకుని నవ్వుతూ. "నన్నొక్క పూట కూర్చోనివ్వకుండా నువ్వు కాపురం పెట్టావా బావా అక్కడ?"

"కెమెరా పనిచేస్తోందో లేదో చూడ్డానికి వెళ్లానయ్యా. నేనేం మంచె మీద వేటాడానా? సెలవంటే వేటాడకపోవడమేగా!"

నిజంగానే నేను అలాగే అనుకున్నాను. నా వయసు అరవై నాలుగు. యాభై ఏళ్లుగా జింకల్ని వేటాడుతున్నాను. తుపాకీ పట్టుకెళ్లకపోతే మంచెకు సెలవిచ్చినట్టేనని ఎలా అనుకున్నానో నన్నడక్కండి. జింకకు తుపాకీ ఏమిటి, ఫ్లాస్కు ఏమిటి, రెండూ మనిషే.

ఆర్డిస్ నవ్వలేదు. ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. అందులో నేను నిచ్చెన కింద దుంగ మీద కూర్చుని ఉన్నాను. చేతులు గాల్లో ఉన్నాయి, నోరు తెరిచి ఉంది.

"ఇక్కడెవరితో మాట్లాడుతున్నావు గోర్డీ?"

అబద్ధం చెబుదామనుకున్నాను, దొరకలేదు. "వాడితోనే వదినా. ఇంకెక్కడికి వెళ్లాలో తెలీలేదు. స్మశానంలో మాట్లాడబుద్ధి కాదు. అక్కడ కూర్చుంటే పైన ఉన్నాడనిపిస్తుంది, గట్టిగా మాట్లాడకురా అంటున్నట్టు ఉంటుంది. నీ ఛాన్సు పాడుచేశాను. నన్ను తిట్టు."

ఆవిడ తిట్టలేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్లి, నా బూట్లు రెండూ చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. కారు డిక్కీ మూసిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి తన ఉన్ని చెప్పులు నా ముందు పడేసింది. ఊదారంగువి, పైన కుచ్చులున్నాయి.

"ఆదివారం దాకా నీకు ఇవే. ఇవాళ్టి నుంచి మంచెకి సెలవు. నిజమైన సెలవు."

"మరి నా మంచెకి నేను వెళ్లొద్దా?"

"నీ మంచెకని బయల్దేరి నువ్వెక్కడ తేలతావో నాకు తెలుసులే."

ఆ మూడు రోజులు నేను వంటవాణ్ని. గురువారం థాంక్స్‌గివింగ్ పండగకు టర్కీ కోడిని కాల్చాను, శుక్రవారం దాని ఎముకలతో సూపు కాచాను, శనివారం చిక్కుడు గింజలూ మిరపపొడీ వేసి జింకమాంసం ఉడికించాను. "బావా, నువ్వు తప్పు వృత్తిలో ఉన్నావు. తుపాకీ అమ్మేసి గరిట కొనుక్కో," అంటూ మెర్లిన్ మూడు గిన్నెలు లాగించాడు. గురువారం మధ్యాహ్నం నుంచి మంచు పడింది, జానెడు. నా అడుగులూ, నా వాసనా దాని కిందకి పోయాయి. మూడు రోజులు చాలవని, ఎల్డన్ అయితే వారం అనేవాడని నాకు తెలుసు. కానీ ఆ మంచును చూస్తే కొంచెం ప్రాణం లేచి వచ్చింది.

ఆదివారం, ఆఖరి రోజు. వాయవ్య గాలి. ఆర్డిస్ తెల్లారకముందే వెళ్లింది. ఎనిమిదింటికి నేను గిన్నెలు కడుగుతుండగా చిత్తడి వైపు నుంచి తుపాకీ పేలింది.

ఒక్కటే దెబ్బ!

చేతిలో గిన్నె జారిపోయింది. కుచ్చుల చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాను. గేటు దగ్గర ఆగి, మంచెకి సెలవు కదా అని గేటు పట్టుకుని నిలబడ్డాను. కాళ్లు గడ్డకట్టాయి. అరగంటకు ఆవిడ చెట్ల మధ్యలోంచి వచ్చింది. ఒంటరిగా వస్తోంది. భుజాల మీద మంచు, మొహమంతా నవ్వు.

"వచ్చాడు గోర్డీ! ముప్పై అడుగుల దూరంలో! వచ్చి నన్నే చూశాడు. మీ అన్న చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా కోత కాదు, ఆ కొమ్ము అచ్చం అలాగే ఉంది. దాన్నే చూస్తూ కాల్చేశాను. పైనున్న కొమ్మకి తగిలి మంచంతా నా నెత్తిన పడింది. తుడుచుకుని చూస్తే వాడు పరిగెత్తనైనా లేదు, అలా నడుచుకుంటూ వెళ్లిపోయాడు!"

"రక్తం?"

"చుక్క లేదు. అంతా వెతికా. శుభ్రంగా తప్పింది."

క్యాబిన్‌లో అడుగు పెట్టేసరికి మెర్లిన్ కత్తెర పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "అక్కా, వెనక్కి తిరుగు!" అన్నాడు. ఆర్డిస్ నారింజ కోటు విప్పింది. లోపల ఎర్రగళ్ల చొక్కా. మెర్లిన్ చేయి మెల్లిగా కిందికి దిగింది.

"వద్దులే అక్కా. ఇది... ఈసారికి వదిలేద్దాం."

"ఎందుకు వదిలేస్తావు? రూలు పెట్టింది ఎవరు? గోర్డీ, నువ్వు కోయి."

నేనే కోశాను. ఉన్ని దళసరిగా ఉంది, కత్తెర మొద్దుగా ఉంది, నా కళ్లు సరిగా కనబడలేదు. అరచేయంత ముక్క వచ్చింది, అంచు వంకరటింకరగా. ఆర్డిస్ దాన్ని తీసుకుని, పొయ్యి వెనక ఎల్డన్ వేలు పెట్టి చూపించే ఖాళీ చోట మేకు కొట్టింది.

"నలభై ఒక్క ఏళ్లు తప్పించుకు తిరిగావు కదయ్యా," అంది ఆ గుడ్డ ముక్కతో. "చివరికి దొరికావు."

అందరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే ఆవిడ ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. మెర్లిన్ పొగ అంటూ కిటికీ తీశాడు గానీ పొయ్యిలో పొగేమీ లేదు.

సాయంత్రం సామాన్లు సర్దుకునేటప్పుడు ఆర్డిస్ నా బూట్లు తెచ్చి ఇచ్చింది. తర్వాత చెక్క దగ్గరికి వెళ్లి ఎల్డన్ మంచె బిళ్లను గోడవైపు తిప్పింది.

"వచ్చే నవంబరు దాకా సెలవు. వంకరకొమ్ము చలికాలం దాటితే మొదటి శనివారం నాది. ఈలోగా ఒక్క అడుగు కూడా అటు పడకూడదు."

"ఏడాదంతానా? ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే?"

క్యాబిన్ తాళంచెవి నా జేబులో వేసి, పొయ్యి వెనక గోడను చూపించింది.

"ఇక్కడికి రా. పొయ్యి వెలిగించుకుని కూర్చుని చెప్పుకో. ఎంత గట్టిగా మాట్లాడినా ఇక్కడ జింకలు బెదరవు."