చూపుడు జీతం

కామారెడ్డి బస్టాండు వెనక సందులో కరెంటు పోయి గంటైంది. ముస్తకీమ్ వీసా ఆఫీసులో గాలి లేదు, వెలుతురూ అంతంత మాత్రమే. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కిన దగ్గర్నుంచి మెహక్ ఏమీ తినలేదు. తండ్రి అజీముద్దీన్ పక్క కుర్చీలో చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మెహక్ ఇంట్లో కూర్చునే ఓ విదేశీ బట్టల కంపెనీకి ఫోటోలు సరిదిద్దుతుంది. నెలకు ముప్ఫై ఎనిమిది వేలు. ఏడు నెలల కిందట కంపెనీవాళ్ళు, ఏడాదిలోగా తమకు దగ్గర్లోని ఓ దేశానికి వచ్చి, తమ వేళల్లో పనిచెయ్యమన్నారు. వస్తే నెలకు రెండు లక్షలు, రాకపోతే పనే లేదు. ఇలా దూరం నుంచి పనిచేసేవాళ్ళకు ఆ దేశం వీసా ఇస్తుంది. కాకపోతే ఆరు నెలలుగా నెలనెలా రెండు లక్షలు సంపాదిస్తున్నట్టు బ్యాంకు కాగితం చూపాలి. వెళ్తేనే జీతం పెరుగుతుంది, జీతం పెరిగితేనే వెళ్ళనిస్తారు! ఈ నియమం రాసిన మహానుభావుడు నెలాఖరును ఏనాడూ చూసి ఉండడు.

ఆ లోటు పూడ్చడమే ముస్తకీమ్ వ్యాపారం. జీతం పడినట్టు నెలనెలా మెహక్ ఖాతాలో డబ్బు వేయిస్తాడు, రెండ్రోజులాగి తీసేసుకుంటాడు. అందుకు లక్షన్నర. తల్లి ఖుర్షీద్ బేగం గాజులు తాకట్టుకు పోయాయి. ఏటీఎం కార్డు, ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు సిమ్ము కూడా తన దగ్గరే ఉండాలన్నాడు. మెహక్ తటపటాయించింది గానీ అజీముద్దీన్ మారుమాట లేకుండా తీసి ఇచ్చేశాడు. సౌదీలో పనిచేసిన పదహారేళ్ళూ ఆయన పాస్‌పోర్టు యజమాని బీరువాలోనే ఉంది. మన కాగితాలు ఒకరి చేతికి పోయాయంటే పని ఖాయమైనట్టేనని ఆయన లెక్క.

"ఆఖరి నెల పైసలు గూడ పడ్డయి చాచా. సోమారం కాగితం చేతుల వెడ్త" అని చెప్పి, జనరేటరు చూసొస్తానని ముస్తకీమ్ బయటికి వెళ్ళాడు.

అతని బల్ల మీద ఓ పది ఫోన్లున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసిన కాగితం అంటించి ఉంది. మెహక్ పేరున్న ఫోను మోగింది. తన నంబరే కదా అని ఆమె ఎత్తింది.

"మెహక్ అంటె నువ్వేనా బిడ్డా?" ఎవరో ముసలమ్మ గొంతు.

"ఔ. నువ్వెవలవ్వా?"

"లింగంపేట యాదవ్వను. బీడీలు చేస్త. లోను ఇప్పిస్తమంటె గీ నంబరుకు తొమ్మిది వేలు కొట్టిచ్చిన. పైసలు వంపంగ ఫోన్ల నీ పేరే వచ్చింది. మా వాడకట్టోళ్ళు శానమంది గట్లనే కట్టిండ్రు. లోను వద్దు, ఏం వద్దు. నా పైసలు నాకియ్యి బిడ్డా, నీ కాల్మొక్త."

ఇన్నాళ్ళూ మెహక్ తన జీతమని చూపించింది ఈ ఆడవాళ్ళు బీడీలు చుట్టిన డబ్బన్నమాట. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది.

ముస్తకీమ్ తిరిగొచ్చాడు. ఆమె చేతిలో ఫోను చూసి, వెనక్కి తిరిగి షట్టరు సగం దాకా దించాడు.

"ఫోను కింద వెట్టు."

"గీ పైసలు ఎవలయి భాయ్?"

"ఎవలయైతె నీకేంది? నీ వీసా అయితది. రేపు కేసైనా ఖాతా నీది, పేరు నీది. నా పేరు ఏడుందో సూపెట్టు."

అజీముద్దీన్ ముఖం పాలిపోయింది. "ఇచ్చెయ్ బేటీ" అన్నాడు బతిమాలుతూ. "సోమారం దాంక ఓపిక వట్టు. అమ్మ గాజులు పోతయి."

మెహక్ ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంది.

"అవ్వా, ఉన్నవా? నీ పైసలు నా ఖాతలనే పడ్డయి. మాది ఎల్లారెడ్డి, అజీముద్దీన్ బిడ్డను. నేను ఇప్పుడే కామారెడ్డి ఠాణాకు పోతున్న. మీ వాడకట్టోళ్ళను తోల్కోని నువ్వు గూడ రా."

ముస్తకీమ్ ఫోను కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. అతను ఇంకో అడుగు ముందుకేశాడు.

అజీముద్దీన్ కుర్చీలోంచి లేచాడు. ఇద్దరినీ దాటుకుని వెళ్ళి, వంగి, షట్టరు అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన దాన్ని పైకెత్తుతాడో, పూర్తిగా దించేస్తాడో మెహక్‌కు తెలియలేదు. "వస్తున్న బిడ్డా" అంటోంది యాదవ్వ ఫోన్లో.