జాలికి తాళం

వీధి మొదట్లో కొండవాగు నేల కిందికి దూరేచోట ఒక ఇనప జాలి ఉంది. దాని చుట్టూ కంచె వేసి తాళం బిగిస్తుంటే గ్లెనిస్ తన గుమ్మంలో నిలబడి చూసింది. అడ్డం వెళ్లలేదు. ఎవరూ వెళ్లలేదు.

ఆ వేల్స్ లోయలో బొగ్గు గనులున్న కాలం నుంచీ ఒక అలవాటుంది. ఆపద వస్తే, నిప్పులు ఎగదోసే పొయ్యిచువ్వతో, చలికాచుకునే గోడపొయ్యి వెనక గోడను గట్టిగా కొట్టాలి. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి గనక పక్కింటివాళ్లు విని, తమ అవతలి గోడ కొడతారు. జాలికి చెత్త అడ్డం పడి వాగు వీధిలోకి పొంగబోతే మొదట కనిపెట్టేది మొదటి ఇంట్లో ఉండే గ్లెనిసే. ఆమె కొట్టిన దెబ్బ వీధి చివరికి చేరేసరికి అందరూ పారలు, దంతెలు పట్టుకుని వాగు దగ్గరుండేవాళ్లు.

ఇప్పుడా పని ఊరి కౌన్సిల్ ఒక కాంట్రాక్టరుకిచ్చింది. చర్చి హాల్లో మీటింగు పెట్టి, కంచె లోపల అడుగుపెడితే కేసు పెడతామనీ, నీళ్లొస్తే తమకి ఫోన్ చెయ్యమనీ కౌన్సిల్ ఆఫీసరు చెప్పాడు.

పక్కింటి డిల్విన్ లేచాడు. పాత గని కార్మికుడు, ఒంటరివాడు. "అయ్యా, మీ మనుషులు ఎక్కణ్ణించి రావాలి?"

"కార్డిఫ్ నగరం నుంచి."

"వాగు మాత్రం ఈ కొండ మీంచే వస్తుంది కదండీ."

అందరూ నవ్వారు. నవ్వి ఏం లాభం? ఆఫీసరు వెళ్లాక, ఆ తాళం ఇప్పుడే పగలగొడదాం పదండన్నాడు డిల్విన్. మిగతావాళ్లు జైలన్నారు, పిల్లల ఉద్యోగాలు పోతాయన్నారు. గ్లెనిస్ కూడా వద్దనే అంది. ఆమె మొగుడు ఎమ్రిస్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్మే. మెట్లెక్కలేడు, కింది గదిలోనే మంచం. కరెంటు మీద నడిచే ఆక్సిజన్ మిషనే అతని ప్రాణం. తను జైలుకు పోతే అతనికి దిక్కెవరు?

నవంబరులో వాన పట్టుకుంది. ఒక మధ్యాహ్నం రోడ్డు మీద నీళ్లు లేచాయి. గ్లెనిస్ ఫోన్ చేసింది. వరసలో ఉన్నారు, ఆగండంటూ సంగీతం పెట్టారు.

"ఏమోయ్, చువ్వ తియ్యి," అన్నాడు ఎమ్రిస్.

"ఉండు, వస్తారు. ఎవరో ఒకళ్లు ఫోన్ చేసే ఉంటారు."

నీళ్లు గడప దాటాయి. అప్పుడు కొట్టింది. క్షణంలో డిల్విన్ వచ్చాడు. వెనకే వీధి వీధంతా వచ్చింది. అందరి చెవుల దగ్గరా ఫోన్లే, అన్నిట్లో అదే సంగీతం. పక్కవాడికి లైను దొరికే ఉంటుందని ప్రతివాడూ అనుకున్నాడు. ఎంత తెలివితక్కువతనం! కలిసి బతికిన వీధి ఎవరికి వాళ్లుగా వరసలో నిలబడింది.

నలుగురూ పట్టి ఎమ్రిస్‌ని పైగదికి చేర్చారు. అంతలో కరెంటు పోయింది, మిషన్ ఆగింది. అంబులెన్సు వంతెన అవతలే చిక్కుకుంది.

"నా దగ్గరేం చేస్తార్రా? జాలి దగ్గరికి పొండి," అన్నాడు ఎమ్రిస్, మాట మాటకీ ఆగుతూ.

గ్లెనిస్ అతని తల ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూసింది. డిల్విన్ తాళం పగలగొట్టాడు. నడుంలోతు నీళ్లలో అందరూ ఒకరినొకరు పట్టుకుని కొమ్మలు లాగారు, ఎవరో పారేసిన పరుపు లాగారు. వాగు నేల కిందికి దిగింది. వీధిలో నీళ్లు తీశాయి. అప్పటికి ఎమ్రిస్ పోయాడు.

ఆమె చెయ్యగలిగింది ఇంకేమీ లేక, అతని జుట్టు సవరిస్తూ కూర్చుంది.

ఖననమైన మర్నాడు కంచెకు ఇంకా పెద్ద తాళం పడింది. వెనకే పోలీసులొచ్చి డిల్విన్‌ని వ్యానెక్కించారు. కాంట్రాక్టరును మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. వ్యాను మలుపు తిరుగుతుంటే మళ్లీ చినుకులు మొదలయ్యాయి. వాగులో కొమ్మలు కొట్టుకొస్తున్నాయి.

గ్లెనిస్ ఫోన్ వైపు చూడలేదు. చువ్వ తీసి గోడ కొట్టింది. జవాబు లేదు. మళ్లీ కొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గోడ అవతల మనిషి వ్యానులో ఉన్నాడు. దెబ్బ అక్కడే ఆగిపోతోంది.

చువ్వ పట్టుకుని వానలోకి వచ్చింది. డిల్విన్ తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లి, అతని పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని, అవతలి గోడను తన బలమంతా పెట్టి కొట్టింది.

ఆ పక్కింట్లోంచి దెబ్బ వినిపించింది. దాని అవతల ఇంకొకటి.

ఆమె బయటికొచ్చేసరికి తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి. జనం దంతెలు పట్టుకుని, కొత్త తాళం వైపు నడుస్తున్నారు.