తాళం వేసిన మేడలో ఇటుకల ఆట

ప్రవేశపరీక్షకు ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లను ఆ పరీక్ష ముగిసేదాకా బయటికి వదలరు. కిటికీ అద్దాలకు గోధుమరంగు కాగితం అంటిస్తారు. ఫోన్లు కవర్లలో పెట్టి సీలు వేస్తారు. చెత్తబుట్ట కూడా గడప దాటదు. భోజనం వచ్చే వేళల్లో తప్ప తలుపు తెరుచుకోదు. మా మేడలో నలుగురం ఉన్నాం: లెక్కల మాస్టారు, ప్రతి మాటకూ చురుక్కుమంటాడని అందరూ యాసిడ్ అని పిలిచే కెమిస్ట్రీ లెక్చరర్, ఫిజిక్స్ మేడమ్, భాష పేపరు చూసే నేను.

మొదటిరోజే సూపరింటెండెంట్ గారు నిబంధన చదివి వినిపించారు.

"బయటినుంచి లోపలికి ఒకే ఒక్క కబురు వస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా పోతే, నేనే వచ్చి చెప్తాను. మిగతావి మంచివైనా చెడ్డవైనా సరే, చెప్పే అధికారం నాకు లేదు."

"అంటే చావు కబురు చల్లగా చెప్పడానికి మనిషిని పెట్టారన్నమాట" అని లెక్కల మాస్టారు నవ్వారు. ఫిజిక్స్ మేడమ్ ముఖం చూశాక ఆ నవ్వు ఆయన మీసాల దగ్గరే ఆగిపోయింది.

సంగతి తర్వాత తెలిసింది. ఆమె కూతురికి ఇది తొలి కాన్పు. నెలలు నిండడానికి ఇంకా సమయం ఉందని, ఈలోగా బయటపడవచ్చని ఒప్పుకున్నారు. గేటు దగ్గర ఫోన్ కవర్లో వేస్తుండగా అల్లుడి మెసేజ్ వచ్చింది. 'బీపీ బాగా పెరిగింది. ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ చేస్తారట. కంగారుపడకండి.' రెండోసారి చదివేలోపే కవరు మీద లక్క పడింది. అంతకు ముందువారం జరిగిన సమావేశంలోనే ఆమె ప్రశ్నలన్నీ చూసి ఉన్నారు. వెనక్కి వెళ్లిపోతే పేపరంతా రద్దుచేసి మళ్లీ మొదలుపెట్టాలి. అన్ని ఊళ్ల పిల్లల పరీక్షా వాయిదా పడుతుంది.

"అడకత్తెరలో పోకచెక్కనయ్యాను అన్నయ్యగారూ" అన్నారు నాతో. "కబురు రాకపోతే బాగున్నట్టే కదా. కానీ కబురు రావడం లేదని సంతోషపడటం ఎలాగో నాకు తెలియడం లేదు."

నాకూ తెలియదు. నా భార్య విషయంలో నేనూ ఆసుపత్రిలో ఒక తలుపు వైపు చూస్తూ కూర్చున్నవాణ్ణే. అది తెరుచుకోకుండా ఉంటే చాలనుకున్నాను. తెరుచుకుంది. ఆ మాట ఆమెతో అనలేదు.

ఆ ఏడాది అవగాహన ప్రశ్నల కోసం నేను రాసిన వ్యాసం వీడియో గేమ్‌ల గురించి. టీవీ తెర మీద రెండు గీతల మధ్య ఎగిరిన చుక్క బంతి, పాత ఫోన్లలో తోక పెంచుకుంటూ పోయే పాము, పై నుంచి పడే ఇటుకలను వరుసగా పేర్చే టెట్రిస్. ఇవి ఆడని వాళ్ల జీవితాల్లోకి కూడా ఎలా దూరాయో చెప్పాలని నా తాపత్రయం.

"ఆడనివాళ్ల జీవితాల్లోకా? ఎవరండీ ఆ మహానుభావులు?" అన్నారు లెక్కల మాస్టారు. "నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క గేమ్ ముట్టుకోలేదు."

"నిన్న మజ్జిగ అయిపోతే 'గేమ్ ఓవర్' అన్నారు కదా మాస్టారూ" అన్నాడు యాసిడ్. "మొన్న మీ తమ్ముడి ప్రమోషన్‌కి 'తర్వాతి లెవెల్‌కి వెళ్లాడు' అన్నారు."

"అవి మాటలయ్యా!"

"మాటల్లోకి దూరాక ఇంకెక్కడికి దూరాలండీ?"

తగవు అక్కడితో ఆగలేదు. ఇటుకల ఆకారాలు ఏడే అని నేను రాశాను. నాలుగు గడులను కలిపితే ఐదే వస్తాయని లెక్కల మాస్టారు కాగితం నింపారు. తిప్పితే కలిసిపోయేవాటితో పాటు, అద్దంలో చూస్తేనే కలిసేవాటినీ ఒకటిగా లెక్కేశారని యాసిడ్ వాదించాడు. నెట్ లేని చోట తీర్పు ఎవరు చెప్తారు? నేను సూపరింటెండెంట్ గారికి విన్నపం పెట్టాను. మర్నాడు ఆయన తన కూతురు చిన్నప్పుడు ఇటుకల ఆట ఆడుకున్న బొమ్మ ఒకటి తెచ్చారు. అరచేతిలో పట్టే బూడిదరంగు తెర, నాలుగు బటన్లు, వెనక బ్యాటరీ. మూత విప్పి, లోపల ఏమీ లేదని మా ముందే చూసి, సంతకం పెట్టించుకుని ఇచ్చారు.

ఆకారాలు ఏడు. లెక్కల మాస్టారు ఓటమిని ఒప్పుకున్నారు కాని బొమ్మను వదల్లేదు.

"పరిశీలన ఇంకా పూర్తి కాలేదు" అనేవారు, గంట తర్వాత కూడా.

"వంతు ప్రకారం పరిశీలించండి మాస్టారూ. ఇదేమైనా మీ అత్తారిచ్చిందా?" అనేవాడు యాసిడ్.

రెండు రోజుల్లో అందరికీ కళ్లు మూసినా ఇటుకలే. గోడ మీద స్విచ్చుబోర్డునూ, అల్మరాలో పుస్తకాల మధ్య సందునూ ఏ ముక్కతో పూడ్చాలా అని చూసేవాళ్లం. ఫిజిక్స్ మేడమ్ మాత్రం ముట్టుకోలేదు. ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని తలుపును చూసేవారు. బయట మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చేతిలో పెన్ను ఆగిపోయేది. అది భోజనం వేళ అని తెలిశాక మళ్లీ కదిలేది.

ఒక మధ్యాహ్నం బొమ్మ ఆమె ముందు పెట్టాను.

"నాకొద్దు అన్నయ్యగారూ."

"ఆడమనడం లేదమ్మా. ఘోరాలు చూసినవాళ్ల కళ్లముందు ఆ దృశ్యాలు పదేపదే మెదలకుండా ఈ ఆట కొంత అడ్డుపడుతుందని పరిశోధకులు చూశారు. వ్యాసంలో ఆ వాక్యం ఉంచాలో వద్దో చెప్పండి."

ఆమె నన్ను కాసేపు చూసి బొమ్మ అందుకున్నారు. మొదట ఇటుకలు గుట్టపడ్డాయి. రెండోసారి ఒక వరుస మాయమైంది. మూడోసారి మెట్ల మీద ఎవరో దిగుతుంటే ఆమె తల ఎత్తలేదు. ఆ ఒక్కసారి చాలనిపించింది నాకు.

"వాక్యం ఉంచండి" అన్నారు. తర్వాత ప్రశ్నలు చదివి ఒకచోట వేలు పెట్టారు. "ఇది మాత్రం తీసేయండి."

'ఈ ఆట ఎలా ముగుస్తుంది?' అన్నది ప్రశ్న. 'ఆటగాడు ఓడినప్పుడే' అన్నది నేను పెట్టిన జవాబు.

"తప్పేముందమ్మా?" అన్నారు లెక్కల మాస్టారు. "పై నుంచి పడుతూనే ఉంటాయి. ఎవడైనా ఎప్పుడో ఒకప్పుడు నిండిపోవాల్సిందే."

"పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లకు ఆ మాట ఎందుకండీ చెప్పడం?"

యాసిడ్ నా కాగితం తనవైపు లాక్కున్నాడు. "అసలు ఆ జవాబే తప్పు. ఒక పిల్లాడు పాత మెషీన్ మీద ఆడుతూ ఆడుతూ అంత దూరం వెళ్తే ఆటే బిగుసుకుపోయింది. వాడు ఓడలేదు. మేడమ్ చెప్పినట్టు తీసేయండి సార్. జవాబు తప్పని పిల్లల తల్లిదండ్రులు కోర్టుకెళ్తారు." అతని నోట ఆమె వైపు మాట రావడం అదే మొదలు. ప్రశ్న కొట్టేశాను.

ఆ మర్నాడు, భోజనాల పళ్లేలు వెళ్లిపోయిన చాలాసేపటికి, తాళంలో చెవి తిరిగింది.

అది ఏ వేళా కాదు. లెక్కల మాస్టారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. సూపరింటెండెంట్ గారు లోపలికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఫిజిక్స్ మేడమ్ బల్ల ముందు నిలబడ్డారు. ఆమె చేతిలో ఆట నడుస్తోంది.

"మేడమ్."

"ఆగండి" అన్నారామె, తల ఎత్తకుండా. "ఈ ఒక్క వరుస."

ఆయన ఆగారు. ఆమె బొటనవేళ్లు బటన్లు నొక్కుతున్నాయి. వరుస పోయింది. ఇంకొకటి మొదలైంది. అదీ పోయింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. ఆయనకు ఇచ్చిన అధికారంలో తొందరపెట్టడం కూడా ఉంది. దాన్ని ఆయన వాడలేదు.

ఆమె వేళ్లు ఆగాయి. ముక్కలు వాటంతటవే పడుతున్నాయి.

"ఎవరు?" అన్నారు. "పిల్లా, పిల్ల కన్న బిడ్డా?"

సూపరింటెండెంట్ గారు గొంతు సవరించుకున్నారు. "బయటి కబురు లోపల చెప్పడానికి నాకు ఒకే సందర్భంలో అధికారం ఉంది మేడమ్. ఆ సందర్భం రాలేదు." కొంచెం ఆగి అన్నారు. "రాదు కూడా. ఈ మాట చెప్పిపోదామనే వచ్చాను."

"అంటే..." అన్నారు లెక్కల మాస్టారు.

"అంటే ఏమీ లేదు మాస్టారూ. నేనేమీ చెప్పలేదు. మీ ముగ్గురూ సాక్షులు."

"ఏమీ వినలేదండీ" అన్నాడు యాసిడ్ వెంటనే. "నాకు చిన్నప్పటినుంచీ చెవుడు."

మేడమ్ లేచి నిలబడ్డారు. "ఇద్దరి విషయంలోనూ?"

ఆయన కాగితం అంటించిన కిటికీ వైపు చూశారు, అందులోంచి ఏదో కనిపిస్తున్నట్టు. "ఎవరి విషయంలోనూ" అని, వెళ్లిపోయారు. తాళం మళ్లీ పడింది.

ఆమె కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు ఏడ్చారు. మేం గోడలవైపు చూశాం. అంత చిన్న గదిలో ఒక మనిషిని ఒంటరిగా వదలడానికి అంతకంటే దారి లేదు. తర్వాత ముఖం కడుక్కుని వచ్చారు. పరీక్ష ఇంకా జరగలేదు. మేం బయటపడే రోజు ఇంకా దూరంగానే ఉంది.

"ఆడపిల్లో మగపిల్లాడో కూడా చెప్పకుండా పోయాడు, రాతిగుండె మనిషి" అన్నారు ముక్కు తుడుచుకుంటూ.

"ఆడపిల్లే" అన్నారు లెక్కల మాస్టారు. "కావాలంటే పందెం."

"మీ లెక్క ఎప్పుడు నిజమైంది గనక?" అని ఆమె పేపరు ముందుకు లాక్కున్నారు. పేజీ తిప్పబోయి, ఆగి, నావైపు చూశారు.

"ఎంత బరువుందో అన్నయ్యగారూ."

"చేతినిండా ఉండి ఉంటుందమ్మా" అన్నాను.

ఆమె తలూపి పేజీ తిప్పారు.