పనిమీద వచ్చిన మట్టగిడస

కొల్లేటి లంకల్లో వీరాస్వామి మాట నమ్మేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆయన భార్య గంగమ్మ. ఆవిడా పెళ్ళైన మొదటి ఏడాదే నమ్మింది. రెండోది ఆయన పడవ. దానికి చెవులు లేవు కాబట్టి సరిపోయింది.

ఒక కొరమేను తన పడవని లాక్కుంటూ ఆకివీడు దాకా పోయిందనీ, అక్కడ టీ తాగి మళ్ళీ దాని వెనకే తిరిగొచ్చాననీ చెప్పేవాడు. శీతాకాలం వచ్చే కొంగల్లో ఒకటి తనని పేరు పెట్టి పిలుస్తుందని ఒట్టేసేవాడు. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది మట్టగిడస అనే బురద చేప కథ. చేపల చెరువు గట్టు కింద గొట్టంలోంచి తాడు దూర్చాల్సి వచ్చిందట. ఇనప చువ్వ పోలేదట, వెదురు బద్ద పోలేదట. ఈయన ఒక మట్టగిడస తోకకి దారం కట్టి వదిలితే, అది ఇవతల మునిగి అవతల తేలిందట. ఈ కథ ఎత్తుకున్నప్పుడల్లా కూతురు దుర్గాదేవి, "సరే నాన్నా, అన్నం తిను" అనేది. ఆ ఇంట్లో ఆ మాటకి 'ఇక ఆపు' అని అర్థం.

ఆ వీరాస్వామి ఇప్పుడు ఏలూరులో, కూతురి ఫ్లాట్లో, మూడో అంతస్తులో, మనవరాలి ఉయ్యాల ఊపుతున్నాడు. అల్లుడు బాలాజీ కైకలూరు నుంచి ఐసు లారీ మీద వెళితే వారానికోసారి వస్తాడు. పిల్లకి ఐదు నెలలు. దానికి మాటలు రావు కాబట్టి తాత కథలన్నీ ఓపిగ్గా వింటుంది. అంతకు మించి ఆ ఫ్లాట్లో ఆయనకి పనిలేదు. నీళ్ళు చూద్దామంటే బకెట్లో తప్ప లేవు.

ఆ వారం దుర్గాదేవికి ఉద్యోగం వచ్చింది. విమానం టిక్కెట్లు అమ్మే కంపెనీ. ఇంట్లోనే కూర్చుని ప్రయాణికులకి జవాబులు చెప్పాలి. వాళ్ళింటా వంటా విమానం ఎక్కినవాళ్ళు లేరు కానీ, పరీక్షలో దుర్గాదేవే మొదటొచ్చింది. ఒకటే షరతు: ఇంట్లో తీగ మీద వచ్చే నెట్టు ఉండాలి, సోమవారం ఉదయం పదింటికి వాళ్ళు పరీక్షిస్తారు. లేకపోతే జాబితాలో రెండో మనిషికి ఇచ్చేస్తారు. సెల్లు చూస్తే, ఆ ఫ్లాట్లో సిగ్నలు బాల్కనీలో బట్టలారేసే తీగ దగ్గర మాత్రమే దొరుకుతుంది, అదీ చెయ్యి బయటికి చాపితే. కొత్తరకం కేబులు వాళ్ళు మీ వీధికి రావడానికి ఇంకా రెండు నెలలన్నారు.

"పిల్లనొదిలి బయట ఉద్యోగానికి పోలేను నాన్నా. ఇది పోతే ఇంకోటి రాదు," అంది దుర్గాదేవి గురువారం పొద్దున. అని, ఊరికే గోడకేసి చూసింది. ఆ చూసిన చోటే, బియ్యం డబ్బా వెనక, రంగు పూసేసిన చిన్న తెల్ల పెట్టె కనపడింది. పాత యజమాని ఫోను తాలూకు పెట్టె. తొమ్మిదేళ్ళుగా దాన్ని ఎవరూ పలకరించలేదు.

శుక్రవారం టెలిఫోను లైన్‌మన్ వెస్లీ వచ్చాడు. నడివయసు మనిషి, మాట మెత్తన. పెట్టె మీద రంగు గీకి, మీటరు పెట్టి చూశాడు.

"లైను తీసెయ్యలేదండి, ఆపారంతే. ఈ తీగ మీదే నెట్టు ఇచ్చెయ్యొచ్చు. ఇక్కణ్ణుంచి మెట్ల కింద పెట్టె దాకా తీగ బంగారంలా ఉంది. మెట్ల కింద నుంచి గేటు బయట స్తంభం దాకానే చచ్చిందండి."

"ఏమైంది దానికి?" అన్నాడు వీరాస్వామి.

"ఎలకండి బాబాయిగారు."

ఆ తీగ వాకిట్లో సిమెంటు కింద రెండంగుళాల గొట్టంలో నలభై అడుగులు పోయి, వీధిలో స్తంభం పక్క గుంటలో తేలుతుంది. వెస్లీ పాత తీగ లాగితే పన్నెండడుగులు వచ్చి తెగింది. రెండో వైపు నుంచి లాగితే ఎనిమిదడుగులు వచ్చి తెగింది. మిగిలింది ఎలకలు ఏనాడో ముక్కలు చేసేశాయి. కొత్త తీగ పంపుదామని ఉక్కు స్ప్రింగు దూరిస్తే, మధ్యలో వంపు దగ్గర బురదలో కూరుకుని ఆగిపోయింది. పైనుంచి లాగుదామంటే మధ్యలో కరెంటు తీగలున్నాయి, దాటించడానికి వీల్లేదు.

"వాకిలి తవ్వాలండి," అన్నాడు వెస్లీ.

ఆ మాట అంటూండగానే వెనక నుంచి, "ఏం తవ్వాలండీ?" అని వినపడింది. అపార్టుమెంటు సంఘం ప్రెసిడెంటు పురుషోత్తం గారు. పౌరోహిత్యం ఆయన వృత్తి, నోటీసులు రాయడం ఆయన సరదా. వాకిట్లో 'చెప్పులు వరుసగా విడువవలెను', మేడ మీద 'అప్పడాలు ఆదివారం మాత్రమే', లిఫ్టులో 'చేపలు, రొయ్యలు లిఫ్టులో తేరాదు. మెట్లు వాడవలెను'. ఈ చివరి నోటీసు వీరాస్వామి వచ్చిన మూడో రోజున వెలిసింది. అప్పట్నుంచీ ఇద్దరికీ పలకరింపులున్నాయి కానీ, వాటిలో ఉప్పూ కారం తక్కువ.

"పోయిన నెలేనండి సిమెంటు వేయించింది. అందరూ ఒప్పుకుంటే గానీ తవ్వడానికి లేదు. మీటింగు వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం," అన్నారు పురుషోత్తం గారు. ఆయన మంచివారే. దుర్గాదేవి ముఖం చూసి కాస్త ఇబ్బందిపడ్డారు కూడా. "నేను ప్రెసిడెంటునమ్మా, నేనే రూలు తప్పితే ఎలా?"

పైకొచ్చాక దుర్గాదేవి ఏడవలేదు. అప్పటికే మడతపెట్టిన చంటిదాని బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. వీరాస్వామికి అది చూడటం కష్టమైంది.

"అమ్మాయీ, మట్టగిడస..."

"సరే నాన్నా, అన్నం తిను."

ఈసారి ఆ మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. అరవయ్యెనిమిదేళ్ళలో చెప్పిన అబద్ధాలన్నీ గుమిగూడి, ఒకే ఒక్క నిజానికి అడ్డం నిలబడ్డట్టనిపించింది. అవునండీ, ఆ గొట్టం కథ నిజం. మిగతావి ఆయనకే సరిగ్గా గుర్తులేవు.

ఆదివారం పొద్దున్నే చేపల మార్కెట్టుకి వెళ్ళాడు. కొల్లేటి నుంచి వచ్చిన వీరదుర్గ అనే ఆవిడ తొట్టిలో మట్టగిడసలు బతికున్నవే అమ్ముతోంది. వీరాస్వామి అరగంట వాటి ముందు కూర్చున్నాడు.

"కూరకా, పులుసుకా బాబాయ్?"

"ఉద్యోగానికి," అన్నాడాయన.

జానెడు పొడుగు, బొటనవేలంత లావు, ఆగకుండా తొట్టి అంచు ఎక్కబోయే ఒకదాన్ని ఏరుకున్నాడు. క్యాన్లో నీళ్ళు పోసి అందులో వేసుకుని, రూలు ప్రకారం లిఫ్టు ముట్టుకోకుండా, మెట్ల దగ్గరే ఆగి పురుషోత్తం గారిని కేకేశాడు. సంగతంతా చెప్పాడు. తవ్వక్కర్లేదు, పగలగొట్టక్కర్లేదు. తొలకరి కొత్తనీరు పారితే మట్టగిడస దానికి ఎదురెక్కుతుంది, బురదైనా సరే, వంపైనా సరే. మెట్ల కింద నుంచి గొట్టంలోకి నీళ్ళు పోస్తే అవి వీధిలోకి పారతాయి. వీధి వైపు చేపని వదిలితే దారంతో సహా మెట్ల కిందకి వస్తుంది.

పురుషోత్తం గారు తన నోటీసులన్నీ మనసులో తిరగేశారు. "దీనికి రూలేమీ లేదండి," అని ఒప్పుకున్నారు చివరికి, కాస్త దిగులుగా.

"అయితే నీళ్ళు తమరు పొయ్యాలండి పంతులుగారూ. చేప దగ్గర నేనుండాలి."

కబురందుకుని, మధ్యాహ్నం ప్రార్థన ముగించుకుని, తెల్లచొక్కా కూడా మార్చకుండా, వెస్లీ తీగచుట్టతో వచ్చాడు. నాలుగు అంతస్తుల వాళ్ళూ బాల్కనీల్లోకి వచ్చారు. దుర్గాదేవి పిల్లనెత్తుకుని వాకిట్లో నిలబడింది. నమ్మకంతో కాదు, నాన్న పరువు పోతుంటే దగ్గరుండాలని.

వీరాస్వామి చేప తోక మొదట్లో సన్నటి వల దారంతో ముడి వేశాడు. బిగుసుకోదు, ఊడదు. అలాంటి ముడి వేళ్ళకి తప్ప కళ్ళకి తెలియదు. కుళాయి పెట్టి ముందు గొట్టంలో పాత బురద కాస్త కడిగించాడు. తరువాత, "పొయ్యండి పంతులుగారూ, సన్నంగా," అని కేకేసి, వీధిగుంటలో గొట్టం మూతి దగ్గర చేపని వదిలాడు.

చేప దూరింది. దారం రెండడుగులు పోయింది. ఐదడుగులు పోయింది. ఆగింది. అంతలో వెనక్కి వచ్చి, తల బయటపెట్టి, వీరాస్వామి కేసి చూసింది.

బాల్కనీలో ఎవరో నవ్వారు. దుర్గాదేవి తల దించుకుంది.

వీరాస్వామి నవ్వు పట్టించుకోలేదు. గొట్టంలోంచి వస్తున్న నీళ్ళకేసి చూశాడు. అవి పచ్చగా వస్తున్నాయి. అరచేతిలో పట్టి వాసన చూశాడు.

"ఏవండీ పంతులుగారూ, నీళ్ళల్లో ఏం కలిపారండి?"

మెట్ల కింద నుంచి జవాబు వచ్చింది. "పసుపండి. చేప వచ్చే చోటు కదాని, శుద్ధికి."

"అది బతికే ఉందండి ఇంకా. పసుపు తగిలితే పులుసులోకి అనుకోదా అండి?"

ఈసారి నవ్వు నాలుగు అంతస్తులూ దిగి వచ్చింది. వెస్లీ తీగచుట్ట మీద తల ఆనించి నవ్వాడు. పురుషోత్తం గారు నవ్వలేదు కానీ, చెంబు కింద పెట్టి బయటికి వచ్చి నిలబడ్డారు.

"పోనీ ఉత్త కుళాయి నీళ్ళు పొయ్యనా?"

"కడగడానికైతే పరవాలేదండి. బ్లీచింగు కంపుకి చేప ఎదురెక్కదు, ఆ సంగతి నేనే మరిచానండి. ఏటి నీళ్ళు కావాలి."

ఏటి నీళ్ళు ఆదివారం మధ్యాహ్నం అపార్టుమెంటులో ఎక్కడున్నాయి? పురుషోత్తం గారింట్లో ఉన్నాయి. ఏటా ఆయన శిష్యులు కొవ్వూరు రేవు నుంచి రెండు క్యాన్ల గోదావరి నీళ్ళు తెచ్చిపెడతారు. ఆయన వాటిని అభిషేకానికి ఉద్ధరిణెతో, చుక్క లెక్కన వాడతారు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరూ ఆయనకేసి చూశారు.

పురుషోత్తం గారు చేపకేసి చూశారు, దుర్గాదేవి చేతిలో పిల్లకేసి చూశారు. లిఫ్టెక్కారు. దిగేటప్పుడు రెండు చేతుల్లో రెండు క్యాన్లున్నాయి.

"రేవులో చేపలు తాగే నీళ్ళేగా," అన్నారు, ఎవరితోనూ కాదు.

కుళాయి నీళ్ళతో పసుపంతా పోయేదాకా గొట్టం కడిగారు. తరువాత గోదావరి దిగింది. చన్నీళ్ళు చెంబు చెంబుగా, ఆగకుండా, సన్నటి ధారగా గొట్టంలో పారాయి. పురుషోత్తం గారికి అలవాటైన పని అది. ముప్ఫయ్యేళ్ళుగా ధార తెగకుండా పోసిన చెయ్యి. తెలియకుండానే పెదవులు ఏదో చదువుకోవడం మొదలుపెట్టాయి.

వీధిగుంటలో చేప ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. గొట్టం మూతిలో ముక్కు పెట్టింది. అంతే, మాయమైంది.

దారం వీరాస్వామి వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. ఐదడుగులు. పది. ఇరవై దగ్గర ఆగింది. వంపు. దారం లాగలేదు, వదల్లేదు, వేలి చివర అలా ఆనించి ఉంచాడు. చేప పక్కకి తిరిగినట్టు ఒక వణుకు వచ్చింది. ఇంకో వణుకు. ఆ తర్వాత దారం ఎంత జోరుగా పోయిందంటే వేలు చురుక్కుమంది.

మెట్ల కింద నుంచి పురుషోత్తం గారి గొంతు, పెళ్ళిళ్ళలో కూడా ఎవరూ విననంత పెద్దగా వినపడింది. "వచ్చిందండీ వీరాస్వామి గారూ. నా చేతుల్లోనే ఉందండీ."

అందరూ పరుగెత్తారు. పట్టుపంచె బురద అయి, రెండు దోసిళ్ళ మధ్య మట్టగిడసని పట్టుకుని కూర్చున్నారాయన. జన్మలో చేపని ముట్టుకోవడం అదే మొదలు. వీరాస్వామి వచ్చి ముడి విప్పేదాకా వదల్లేదు.

దారానికి తాడు కట్టారు, తాడుకి తీగ కట్టారు, లాగారు. వెస్లీ స్తంభం దగ్గర ఒక కొస, మెట్ల కింద ఒక కొస బిగించి, పైకి వెళ్ళి మోడెం పెట్టాడు. మొదటి దీపం వెలిగింది. రెండోది ఆరుతూ వెలుగుతూ సతాయించింది. వెస్లీ కొసలు ఊడదీసి మళ్ళీ నొక్కాడు. అప్పుడది పచ్చగా నిలబడింది.

సోమవారం పదింటికి కంపెనీ వాళ్ళు పరీక్షించారు. పదీ పదికి దుర్గాదేవి పేరు ఖాయం చేశారు. "మీ కనెక్షన్ ఎవరిదమ్మా, చాలా నిలకడగా ఉంది," అన్నాడట అవతలి ఆయన. దుర్గాదేవికి ఏం చెప్పాలో తెలియక, "మా నాన్నగారిదండి," అంది.

ఆ మధ్యాహ్నం వీరాస్వామి మట్టగిడసని క్యాన్లో పెట్టుకుని కైకలూరు బస్సెక్కాడు. ఉద్యోగం చేసినదాన్ని కూర వండకూడదని పురుషోత్తం గారు పట్టుబట్టారు. సాయంత్రానికి తిరిగొచ్చి, పీట వాల్చుకుని కూర్చుని మొదలుపెట్టాడు.

"కొల్లేట్లో వదిలానమ్మా. వదిలితే పోదే. పడవ చుట్టూ మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి తల పైకెత్తి..."

దుర్గాదేవి అన్నం గిన్నె మీద చెయ్యి వేసింది. కానీ మూత తియ్యలేదు. ఆయన పక్కనే చతికిలబడింది.

"తలెత్తి ఏమంది నాన్నా?" అంది.

వీరాస్వామి నోరు తెరిచాడు. అంతటి మనిషికి, ఆ పూట, అబద్ధం తట్టలేదు.

మర్నాడు లిఫ్టులో నోటీసు కింద నీలం సిరాతో ఒక వరుస కొత్తగా చేరింది. దస్తూరీ ప్రెసిడెంటు గారిదే: 'పనిమీద వచ్చిన చేపలకు ఈ నియమం వర్తించదు.'